క్రీ.పూ. 480 పట్టిక: ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి?

గోడపటం
క్రీ.పూ. 480 ఒక్క ఏడాదికే గోడ మీద అంటించే పట్టిక తయారవుతోంది. ఎడమ నుంచి కుడికి దేశాలు, పైనుంచి కిందికి జనవరి మొదలు డిసెంబరు దాకా నెలలు. ఇప్పటికి చేరినవి ఇవీ: పర్షియా రాజు జెర్క్సిస్ గ్రీసు మీదికి వచ్చినప్పటి థెర్మోపిలే, సలామిస్ యుద్ధాలు, సిసిలీలో గ్రీకులకీ కార్తేజ్‌కీ హిమెరా యుద్ధం, రోమ్‌కీ దాని పక్కనున్న వేయీ నగరానికీ పోరు, బుద్ధుడి నిర్వాణం, కన్ఫ్యూషియస్ మరణం, జెర్క్సిస్ సైన్యంలో భారత సైనికులు, మన దగ్గర రాక్షసగుళ్లు (పాతకాలపు రాతి సమాధులు). నెట్‌లో ఏ పేజీ తెరిచినా అన్నిటినీ ఒకే గంపలో పోసి "అదే ఏడాది" అంటున్నారు. సలామిస్, హిమెరా అయితే ఏకంగా "ఒకే రోజు" అట. వీటిలో నిఖార్సుగా ఆ ఏడాదివి ఏవి? నెలల గళ్లు ఎలా నింపాలి?

తేదీల_తాత
ముందు నెలల గళ్లు చెరిపేయండి. జనవరితో మొదలయ్యే ఏడాది వీళ్లలో ఎవరికీ లేదు. ఏథెన్స్‌లో పగలు అన్నిటికన్నా పెద్దదయ్యే రోజు దాటాక వచ్చే నెలపొడుపుతో కొత్త ఏడు. అందుకే అప్పటి ఏథెన్స్ అధికారి కల్లియాడిస్ పేరుతో నడిచిన ఏడాదిని 480/479 అని గీత పెట్టి రాస్తారు. బాబిలోన్‌లో వసంతంలో, నిసాను నెలతో, ఇంచుమించు మన ఉగాది రోజుల్లో మొదలు. వాళ్ల లెక్కలో "జెర్క్సిస్ 6వ ఏడు" అంటే 480 వసంతం నుంచి 479 వసంతం దాకా. చైనాలో లూ రాజ్యానికి ఏడాది చలికాలం నడుమ మారుతుంది.

నెలల బదులు నాలుగు రుతువులు పెట్టండి. జెర్క్సిస్ సార్దిస్ (ఇప్పటి టర్కీలో ఉంది) నుంచి కదలడం వసంతం, థెర్మోపిలే ఎండాకాలం చివర, సలామిస్ శరత్తు మొదట్లో. అంతకన్నా సన్నగా కోస్తే చెయ్యి తెగుతుంది.

సున్నా_లేదు
ఇంకో గొయ్యి ఉంది. క్రీ.పూ. 1 అయిపోగానే క్రీ.శ. 1, మధ్యలో సున్నా లేదు. ఎన్నేళ్లయిందో లెక్కకట్టేటప్పుడు రెండూ కూడి ఒకటి తీసేయాలి. గ్రీసు 2020లో "థెర్మోపిలేకి 2500 ఏళ్లు" అని 2 యూరోల నాణెం వేసింది. 480 + 2020 − 1 = 2499. నిండింది 2021లో.

పెసరట్టు_ప్లేటో
నాణెం వేసేవాడికి ఏడాది తగ్గితే ఏంలే, చిల్లర తగ్గకపోతే చాలు.

నీడల_లెక్క
ఆ గొయ్యిలో ఎక్కువమంది పడేది ఆకాశం చూపించే సాఫ్ట్‌వేర్ దగ్గర. స్టెల్లేరియంలో −480 కొడితే క్రీ.పూ. 481 వస్తుంది, ఎందుకంటే దానికి సున్నా ఏడు ఉంది. మనకి కావలసింది −479.

అక్కడ పెట్టి అక్టోబరు 2 మధ్యాహ్నం కోరింత్ భూసంధి దగ్గర సూర్యుణ్ణి చూడండి. పాక్షిక గ్రహణం కనిపిస్తుంది. ఈ యుద్ధాల చరిత్ర రాసిన గ్రీకువాడు హెరొడోటస్ చెప్పింది ఇదే: సలామిస్ అయ్యాక స్పార్టా నాయకుడు క్లియోంబ్రోటస్ భూసంధిలో గోడ కట్టిస్తూ, పర్షియన్ల మీదికి వెళ్లాలా వద్దా అని బలి ఇచ్చి శకునం చూస్తుంటే సూర్యుడు మసకబారాడు. సైన్యాన్ని ఇంటికి మళ్లించాడు. సలామిస్ సెప్టెంబరు చివర్లో అని ఇంత ధీమాగా చెప్పగలగడానికి పెద్ద ఆసరా ఈ గ్రహణమే.

రెండు జాగ్రత్తలు. అక్టోబరు 2 అనేది జూలియన్ లెక్క. ఇప్పటి క్యాలెండరును వెనక్కి లాగితే సెప్టెంబరు 27. రెండోది, భూమి తిరిగే వేగం అప్పటికీ ఇప్పటికీ ఒకటి కాదు. ఆ తేడా పోగుపడి 480 నాటికి నాలుగున్నర గంటలు దాటుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ తేడాకి చేసే డెల్టా టీ సవరణ ఆపేసి చూస్తే గ్రహణం నీడ వేరే దేశం మీద పడుతుంది, ఆపైన "హెరొడోటస్ అబద్ధాలకోరు" అని ఇంకో చర్చ మొదలవుతుంది.

ఓరుగల్లు_ఓడ
అబద్ధం ఆడనే లేదా మరి? జెర్క్సిస్ సార్దిస్ నుంచి బయల్దేరేటప్పుడు గూడా సూర్యుడు మాయమైండు అని రాసిండు గదా. 480 ఎండాకాలం ముందట అక్కడ కనవడే గ్రహణమే లేదు.

నీడల_లెక్క
@ఓరుగల్లు_ఓడ నిజమే. అటువైపు కనిపించిన పెద్ద గ్రహణం క్రీ.పూ. 478 ఫిబ్రవరి 17ది, అంటే యుద్ధం ముగిశాక. విన్న గ్రహణాన్ని తెచ్చి కథలో బాగా నప్పే చోట తగిలించినట్టుంది. పట్టికలో అక్టోబరు గ్రహణం ఉంచండి, సార్దిస్‌ది కొట్టేయండి. ఒకే పుస్తకంలో ఒకటి నిలిచింది, ఒకటి కూలింది.

గోడపటం
రుతువులకి మార్చేశాను. మరి హిమెరా "ఒకే రోజు" సంగతి?

తూకం_రాయి
ఏ రోజుతో ఒకే రోజు? అసలు తగాదా అక్కడే. హెరొడోటస్ సలామిస్ రోజే అంటాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత రాసిన డయొడోరస్ థెర్మోపిలే రోజు అంటాడు. ఈ రెండు యుద్ధాలకి మధ్య వారాల ఎడం ఉంది కాబట్టి కనీసం ఒకరు తప్పు. హిమెరాలో గెలిచిన సిరక్యూజ్ రాజు గెలాన్ గ్రీసుకి సాయం పంపలేదన్న నింద ఉంది. "అదే రోజు ఇక్కడ మేమూ అనాగరికులతో పోరాడుతున్నాం" అనే మాట ఆ నిందకి తిరుగులేని జవాబు. అరిస్టాటిల్ సలామిస్, హిమెరా జంటనే తీసుకుని, ఒకే కాలంలో జరిగినా రెండిటి గమ్యం ఒకటి కాదు అని ఉదాహరణగా చూపించాడు.

రోజు పోనివ్వండి, ఏడాది మాత్రం గట్టిదే. కార్తేజ్ సేనాని హమిల్కార్ అక్కడే చనిపోయాడు, కార్తేజ్ 2000 టాలెంట్ల (టాలెంట్ గ్రీకు తూకం) వెండి కట్టి సంధి చేసుకుందని డయొడోరస్. నాణేలవాళ్లు "డమరెటియాన్" బొమ్మ తెచ్చి 480 గడిలో అంటిస్తారు, అంటించకండి. సంధి తర్వాత గెలాన్ భార్య పేరుతో వేసినవని పాత వాదన. ఆ పెద్ద వెండి నాణేలని ఇప్పుడు చాలామంది ఓ పది పదిహేనేళ్లు కిందికి జరిపారు.

మట్టిపొరలు
హిమెరాకి పుస్తకం కన్నా పెద్ద సాక్ష్యం మట్టిలో ఉంది. ఊరి పడమటి శ్మశానంలో సైనికుల సామూహిక సమాధులు బయటపడ్డాయి, కొన్ని 480వి, కొన్ని కార్తేజ్ మళ్లీ వచ్చి ఊరిని నేలమట్టం చేసిన 409వి. పెరిగిన చోటుని పట్టించే పళ్లలోని ఐసోటోపులు, 2022లో అచ్చయిన డీఎన్‌ఏ పరీక్షలు చూస్తే 480 నాటి వాళ్లలో చాలామంది సిసిలీ గ్రీకులే కాదు. ఉత్తర యూరప్ నుంచి, కాకసస్ వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు. "గ్రీకులు ఒకరికొకరు తోడు నిలిచారు" అని రాసిన చోట కూలి సైనికులు తేలారు.

పెసరట్టు_ప్లేటో
అంటే అప్పుడూ అవుట్‌సోర్సింగే.

కొండవీటి_చాంతాడు
యుద్ధాలు సరే. 480 వసంతానికి అసలు సిసలు ఘటన, ఆసియానీ యూరప్‌నీ విడదీసే హెల్లెస్పాంట్ జలసంధి మీద జెర్క్సిస్ వేయించిన వంతెన, అది జాబితాలోనే లేదు. అబిడాస్ దగ్గర రెండు పడవ వంతెనలు, ఒకదానికి 360 ఓడలు, రెండోదానికి 314. కట్టిన తీరు ఇది:

మొదటిసారి ఫినీషియన్లు ఒక వంతెనని అవిసె నార మోకులతో, ఈజిప్టువాళ్లు ఇంకోదాన్ని పాపిరస్ మోకులతో కట్టారు. తుఫానుకి రెండూ తెగాయి. సముద్రానికి 300 కొరడా దెబ్బలు అన్నది అప్పుడే. రెండోసారి రకాలు కలిపారు: ఒక్కో వంతెనకి రెండు అవిసె, నాలుగు పాపిరస్. ఓడలని ప్రవాహం సాగే దిశలోనే నిలిపి, నల్ల సముద్రం గాలికి ఒకవైపు, దక్షిణపు గాలికి ఇంకోవైపు పొడవాటి లంగర్లు దింపారు. గట్టు మీద కొయ్య దిమ్మలతో మోకులని బిగలాగారు. పైన పలకలు, పలకల మీద కంప, కంప మీద మట్టి వేసి దిమ్మిస కొట్టారు. ఇరువైపులా దడి. నీళ్లు కనిపిస్తే గుర్రాలు, బరువు మోసే పశువులు బెదురుతాయని ఆ దడి. చిన్న పడవలు దూరడానికి సందు కూడా వదిలారు. దాటడానికి ఏడు పగళ్లు, ఏడు రాత్రుళ్లు.

లెక్క ఇక్కడ బెడుస్తుంది. అవిసె మోకు మూరకి ఒక టాలెంట్ బరువని హెరొడోటస్ అన్నాడు, అంటే దాదాపు 26 కిలోలు. వెడల్పు 7 స్టేడియాలు, స్టేడియానికి 400 మూరలు. మోకుకి 2800 టాలెంట్లు, 73 టన్నులు. ఆ బరువుకి లావు కడితే పావు మీటరు దాటుతుంది. అంత లావు మోకు ఏ దిమ్మకీ చుట్టుకోదు. సన్నవి పక్కపక్కన పేర్చి కట్టలుగా బిగించి ఉండాలి, లేదా మూర అన్నచోట ఇంకేదో కొలత ఉండాలి.

ఓరుగల్లు_ఓడ
ఓడలు గూడ పట్టయి అన్నా. త్రైరీము, అంటే మూడు వరసల తెడ్ల యుద్ధ ఓడ, అడ్డం అయిదు మీటర్లకు పైన. 360 పక్కపక్కకు పెడితే 1800 మీటర్లు దాటుతది. 7 స్టేడియాలంటె 1300 మీటర్లే.

కొండవీటి_చాంతాడు
@ఓరుగల్లు_ఓడ అన్నీ త్రైరీములు కావు, యాభై తెడ్ల సన్న ఓడలూ కలిశాయి. పైగా జలసంధి ఇప్పుడు అక్కడ రెండు కిలోమీటర్ల దాకా ఉంది. 7 స్టేడియాలన్నదే తక్కువ కొలత, ఓడల సంఖ్య కాదు తప్పు అని నా మొగ్గు.

పెసరట్టు_ప్లేటో
మోకు గురించి చాంతాడు గారు ఇంత పొడుగు రాస్తారని పేరు చూడగానే అనుకున్నాం.

మట్టిపొరలు
అదే పద్దులో, జెర్క్సిస్ ఓడల కోసం ఏథోస్ ద్వీపకల్పాన్ని కోసి తవ్విన కాలువ కూడా. 483 ప్రాంతంలో మొదలై ఈ దండయాత్రకే సిద్ధమైంది. హెరొడోటస్ 12 స్టేడియాలన్నాడు, రెండు కిలోమీటర్లు పైన. తవ్వినవాళ్లలో ఫినీషియన్లు తప్ప అందరూ పైన ఎంత వెడల్పో అడుగున అంతే తవ్వారు. నిట్టనిలువు గట్లు విరిగిపడ్డాయి, పని రెట్టింపయింది. ఫినీషియన్లు పైన రెట్టింపు వెడల్పుతో మొదలుపెట్టి దిగేకొద్దీ కుదించారు. మట్టికి వాలు ఇవ్వకపోతే ఇంతే, ఇవాళ పైపులైను గుంతైనా సరే. కాలువని చాలాకాలం పుక్కిటి పురాణమన్నారు. 1990లలో భూమిలోకి తరంగాలు పంపి వెతికితే పూడిపోయిన కాలువ అంచులు దొరికాయి.

గోడపటం
వంతెన వసంతంలో చేర్చాను. సైన్యం సంఖ్య వేయాలా? "17 లక్షలు" అని అన్నిచోట్లా ఉంది.

తూకం_రాయి
సంఖ్య వద్దు, లెక్కపెట్టిన పద్ధతి రాయండి, అది ఇంకా రుచి. దారిలో దోరిస్కస్ అనే చోట పదివేలమందిని ఒత్తుగా నిలబెట్టి చుట్టూ గీత గీశారు. వాళ్లని పంపేసి గీత మీద బొడ్డు ఎత్తు గోడ కట్టారు. ఆ దొడ్డి నింపడం, ఖాళీ చేయడం. మొత్తం 17,00,000 అని హెరొడోటస్ రాశాడు, అంటే 170 సార్లు నిండినట్టు. కుంచంతో ధాన్యం కొలిచినట్టే. ఎక్కడ చెడుతుందంటే, మొదటి పదివేలు కిక్కిరిసి నిలబడ్డారు, ఆ తర్వాతి వాళ్లని అంతే ఒత్తుగా నొక్కే దిక్కెవరు? కాస్త వదులైతే చాలు, ప్రతి దఫాలో వందలు, వేలు లేనివాళ్లు లెక్కలో చేరతారు.

దీని మీద ఓడలవాళ్లని, యూరప్‌లో కలిసినవాళ్లని కూడి 26,41,610 చేశాడు. అంతే సంఖ్య సేవకులని రెట్టించి 52,83,220. మనిషికి రోజుకి ఒక ఖోయినిక్స్ గోధుమలు, లీటరు పైచిలుకు. 48 ఖోయినిక్స్‌లు ఒక మెడిమ్నస్. రోజుకి 1,10,340 మెడిమ్నస్‌లు అని తేల్చాడు. మీరే భాగించి చూడండి.

సున్నా_లేదు
1,10,067 వచ్చింది. 273 ఎక్కువ రాశాడు.

పెసరట్టు_ప్లేటో
ఆ 273 రేషన్ డీలరు వాటా.

చీనాంబరం
కన్ఫ్యూషియస్‌ని 480 గడిలోంచి దించండి. లూ రాజ్యంలో అయ్ ప్రభువు మొదటి ఏడు 494, కాబట్టి 16వ ఏడు 479. ఆ ఏడు నాలుగో నెలలో కన్ఫ్యూషియస్ పోయాడు. 480కి దగ్గరగా నిలిచేది ఆయన శిష్యుడు జిలూ చావు. వేయ్ రాజ్యంలో, వెళ్లగొట్టిన యువరాజు కువాయ్‌కుయ్ తిరిగొచ్చి సొంత కొడుకుని గద్దె దింపాడు. ఆ గందరగోళంలో తన యజమానిని విడిపించడానికి జిలూ ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఆయుధం దెబ్బకి టోపీ తాడు తెగింది. పెద్దమనిషి చచ్చేటప్పుడూ టోపీ తీయడని దాన్ని ముడేసుకుంటూ చనిపోయాడు.

ఇక్కడా ఓ మెలిక. లూ రాజ్యపు చరిత్ర పుస్తకం మీద రాసిన జువో వ్యాఖ్యానం ఈ తిరుగుబాటుని 15వ ఏడు చివరి అధికమాసంలో పెడుతుంది. దానితోపాటే వచ్చే మూల వాక్యం 16వ ఏడు మొదటి నెల అంటుంది. ఒకే పుస్తకం, రెండు ఏళ్లు. గీత మీద అంటించండి, సగం అటు, సగం ఇటు.

ఓరుగల్లు_ఓడ
అధికమాసం పంచాయితీ ఆడ గూడ ఉన్నదా!

గోడపటం
చైనాలో వేయ్, ఇటలీలో వేయీ. రెండూ ఒకే పట్టికలో పెడితే అచ్చుతప్పు అనుకుంటారేమో.

తేదీల_తాత
రెండోది ఎలాగూ పెన్సిల్‌తో రాయాలి. 480 రోమ్‌కి కాన్సల్‌లు, అంటే ఏటా మారే ఇద్దరు పాలకులు, మార్కస్ ఫేబియస్, నేయస్ మాన్లియస్. వేయీ మీద గెలిచారు కానీ మాన్లియస్, ఫేబియస్ సోదరుడు క్వింటస్ చనిపోవడంతో మార్కస్ విజయోత్సవం వద్దన్నాడని కథ. ఏడాది మాత్రం రోమన్ పండితుడు వర్రో కట్టిన వరస ప్రకారం. ఆ వరసలో 333, 324, 309, 301 అనే నాలుగేళ్లు కాన్సల్‌లు లేకుండా నియంతే ఉన్నాడని ఖాళీ పూడ్చినవి. గాల్ జాతివాళ్లు రోమ్‌ని దోచింది వర్రోకి 390, గ్రీకు లెక్కతో సరిపెడితే 387 లేదా 386. అంటే అంతకు ముందున్న రోమన్ ఏళ్లన్నీ మూడు నాలుగేళ్లు పాతబడి కనిపిస్తాయి. రోమ్ "480" సలామిస్ 480 కాకపోవచ్చు.

పాళీ_పుటలు
బుద్ధుడికి 480 అనేది ఏ సంప్రదాయంలోనూ లేదు, ఎవరో గుండుగుత్తగా వేసిన అంకె. సింహళ లెక్క 544/543, అందుకే 1956లో 2500 ఏళ్ల పండుగ. అశోకుడి అభిషేకం నిర్వాణానికి 218 ఏళ్ల తర్వాత అనే మాట తీసుకుని, అభిషేకం 268 అనుకుంటే 486. ఉత్తరాది గ్రంథాలు 100 ఏళ్లే అంటాయి, అలా అయితే 368. రెండిటికీ తేడా 118 ఏళ్లు. ఇంత ఊగేదాన్ని ఒక్క ఏడాది పట్టికలో ఏ మేకుకి తగిలిస్తారు?

తేదీల_తాత
అందుకే కొట్టేయాల్సిందే.

పెసరట్టు_ప్లేటో
తాతా, ఇలా కొట్టేస్తూ పోతే చివరికి గోడ మిగులుతుంది.

పాళీ_పుటలు
భారతదేశం గడి ఖాళీ అవదు. సైనికులున్నారుగా. జెర్క్సిస్ సేనలో భారతీయులు చెట్టు నుంచి తీసిన బట్టలు, అంటే పత్తి, కట్టుకున్నారు. రెల్లు విల్లులు, రెల్లు బాణాలు, కొసన ఇనుము. నాయకుడు అర్తబతిస్ కొడుకు ఫర్నజత్రిస్. రౌతులు వేరు, గుర్రాలూ అడవి గాడిదలూ లాగే రథాలు వేరు. వేటకుక్కలైతే లెక్కలేనన్ని. జెర్క్సిస్ ఇంటికి మళ్లాక కూడా వీళ్లు అతని సేనాని మర్దోనియస్ దగ్గర ఆగిపోయారు. 479లో ప్లాటియా యుద్ధపు వరసలో ఎరెట్రియా, స్టైరా అనే గ్రీకు ఊళ్ల వాళ్లకి ఎదురుగా నిలబడ్డారు. అయితే "దక్షిణాది వీరులు" అని మాత్రం రాయకండి. వీళ్లు పర్షియా ఏలుబడిలోని సింధు నది ప్రాంతంవాళ్లు, గోదావరికీ కృష్ణకీ సంబంధం లేదు.

మట్టిపొరలు
రాక్షసగుళ్లకి కూడా ఏడాది వేయొద్దు. ఆ కాలం మన దగ్గర ఇనుపయుగమే, కానీ రాత లేదు. మిగిలింది బొగ్గు ముక్కకి కార్బన్ పరీక్ష. చెడ్డ సంగతేంటంటే క్రీ.పూ. 800–400 మధ్య కార్బన్ సవరణ గీత (కార్బన్ ఏళ్లని అసలు ఏళ్లకి మార్చేది) దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, హాల్‌స్టాట్ పీఠభూమి అంటారు. పరీక్షలో 2450 కార్బన్ ఏళ్లని వస్తే అది 750 అయినా కావచ్చు, 410 అయినా కావచ్చు. యంత్రం ఎంత మంచిదైనా గీత చదునుగా ఉన్న చోట ఏడాది తేలదు. పట్టిక కిందిభాగంలో పొడవాటి పట్టీ గీసి "ఇనుపయుగపు రాతి సమాధులు" అని రాయండి, చాలు.

గోడపటం
ఇప్పటికి ఇలా తేలింది. నల్ల సిరా: వంతెన, ఏథోస్ కాలువ, థెర్మోపిలే, సలామిస్, అక్టోబరు 2 గ్రహణం, హిమెరా ("ఒకే రోజు" లేకుండా), పత్తి బట్టల సైనికులు. గీత మీద: జిలూ. పెన్సిల్: రోమ్. కింద పట్టీ: రాక్షసగుళ్లు. బయటికి: బుద్ధుడు, కన్ఫ్యూషియస్, సార్దిస్ గ్రహణం, 17 లక్షలు. సలామిస్ పక్కన "గ్రీకు ఓడలు 378" అని ఉంది, ఉంచేయనా?

సున్నా_లేదు
హెరొడోటస్ మొత్తం 378 అన్నాడు. ఊరూరి ఓడలూ ఆయనే విడివిడిగా ఇచ్చాడు, అవి కూడితే 366.

పెసరట్టు_ప్లేటో
పెన్సిల్ ఉందిగా.